మూగచెవి

కొట్టులోంచి
జూన్ 4

చిట్టితల్లీ,

మానేశాడే! మీ తమ్ముడు గంజాయి మానేశాడు! దీవెనలూ కుశలప్రశ్నలూ కింద రాస్తాను. ముందు ఈ మాట నీకు చెప్పకపోతే నా గుండె పగిలిపోయేట్టుంది. ఇవాళ్టికి పదహారు రోజులు. పదహారు! కొట్టు గోడ మీద సుద్దముక్కతో రోజుకో గీత గీస్తున్నాను. పక్క కొట్టు టైలరు చూసి, "ఏం పెద్దాయనా, జైల్లో పడ్డట్టు రోజులు లెక్కెడుతున్నావు?" అన్నాడు. "జైలు కాదురా, విడుదల!" అన్నాను. వాడి టేపు లాక్కుని వాడి నడుం చుట్టూ కట్టి గిరగిరా తిప్పాను. డెబ్బై రెండేళ్ళ ముసలాడికి ఇదేం చిందులాట అని వీధంతా చూసింది. చూడనీ!

ఫోను చెయ్యక ఉత్తరమెందుకంటే, నీకు తెలియనిదేముంది? నలభై రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళందరి తాళాలకీ చెవులు చేసిచ్చాను. నా చెవులు మాత్రం ఆకురాయి రొదకి అరిగిపోయాయి. నువ్వు ఫోనులో "తిన్నావా" అంటే నాకు "విన్నావా" అని వినిపిస్తుంది. "లేదు" అంటాను. నువ్వు అక్కడ కంగారు పడతావు. కాగితమే నయం, కాగితానికి చెవుడు లేదు.

పోయిన సెప్టెంబరులో నగల కొట్టువాళ్ళ స్ట్రాంగురూములో వాడు ఉండిపోయాడు చూడు, పంతొమ్మిది గంటలు, అప్పుడేగా ఈ దరిద్రం పట్టుకుంది. తాళం తుడవడానికి లోపలికెళ్ళినవాడు కునుకు తీశాడు. నాకా చెవుడు. తలుపు మూశాను. అది గడియారపు తాళం, పొద్దున తొమ్మిది కొట్టేదాకా దేవుడు దిగొచ్చినా తెరుచుకోదు. ఎవరిదీ తప్పు కాదు. కానీ అప్పట్నుంచి వాడు, "పొగ తాగితేనే ఆ తలుపు మూసుకోవడం ఆగుతుంది నాన్నా" అంటాడు. ఏ తలుపురా, అది తెరుచుకుని నెలలైందిగా అంటే వినడు.

ఇప్పుడు చూడాలి నువ్వు! పొద్దున్నే వచ్చి బల్ల ముందు కూర్చుంటున్నాడు. ఎక్కడికీ పోడు. నవ్వు నాలుగు విధాల చేటన్నారు, ఆ వెకిలి నవ్వులన్నీ పోయాయి. కూనిరాగాలు పోయాయి. రెండోసారి వడ్డించుకోవడం కూడా మానేశాడు. మనిషి సన్నబడి పెళ్ళికొడుకులా తయారయ్యాడు.

ఎలా మానేశాడంటావా? చెప్పను. కొన్ని పనులు తాళాలవాడి గుప్పిట్లో ఉంటేనే అందం. ఒక్కటి మాత్రం రాస్తున్నా, ఇందులో సగం ఘనత నీదే.

నీ ఎలుకలకి నా ఆశీస్సులు.

నాన్న

*

ప్రయోగశాల, మూడో అంతస్తు
జూన్ 11

నాన్నా,

నీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివేశాను. కళ్ళు తుడుచుకుంటుంటే మా ఎలుకల గది ఆవిడ ఎవరు పోయారని అడిగింది. "ఎవరూ పోలేదు, మా తమ్ముడు తిరిగొచ్చాడు" అన్నాను.

పదహారు రోజులంటే చిన్న సంగతి కాదు. పోయిన చలికాలం ఇంటికొచ్చినప్పుడు నీ బల్ల మీద విప్పిన తాళం చూపించి చెప్పాను, గుర్తుందా? మెదడు కణాల మీద తాళాల్లాంటివి ఉంటాయి. మేం వాటిని కన్నబినాయిడ్ గ్రాహకాలంటాం. గ్రాహకాలంటే గిరాకీ గురించి ఏదో చెబుతున్నాననుకున్నావు నువ్వు! వాటికి అసలు చెవి మెదడే తయారుచేసుకుంటుంది. కనిపెట్టినవాళ్ళు మన "ఆనందం" అనే మాటే పట్టుకుని దానికి ఆనందమైడు అని పేరు పెట్టారంటే నువ్వు ఎగిరి గంతేశావు. గంజాయి ఆ తాళాలకి సరిపోయే దొంగచెవి. అస్తమానం దొంగచెవి తిప్పుతుంటే మెదడు విసిగి కొన్ని తాళాల్ని లోపలికి లాగేసుకుంటుంది. మానేస్తే మూడు నాలుగు వారాల్లో మళ్ళీ పైకొస్తాయి. ఆ వారాలు మాత్రం కష్టం. నిద్ర పట్టదు, ఆకలుండదు, ఊరికే చిరాకు. ఆ తర్వాత తేరుకోవాలి.

ఇప్పటికి నాలుగో వారం నడుస్తోంది. తేరుకుంటున్నాడా? కూనిరాగాలు పోయాయని అంత సంబరంగా రాశావేంటి నాన్నా, వాడు పుట్టినప్పట్నుంచీ ఏదో ఒకటి పాడుతూనే ఉండేవాడు కదా. గంజాయి వచ్చింది నిన్నగాక మొన్న. ఫోను చేస్తే ఎత్తట్లేదు. వాణ్ణి ఒకసారి నాతో మాట్లాడమను.

ఇంకోటి. సగం ఘనత నాదేంటి? నేను చేసిందేమీ లేదు. పొడుపుకథలు వద్దు, చెప్పు.

నీ కూతురు

*

కొట్టులోంచి
జూన్ 20

చిట్టితల్లీ,

ముప్పై రెండు! గోడ చాలక తలుపు మీద గీస్తున్నాను.

ఫోను నా దగ్గరే ఉంది, వాడి దగ్గర లేదు. ఆ పాత స్నేహితులు పిలుస్తారని తీసేసుకున్నాను. అడగను కూడా అడగలేదు. ఎంత మారాడో చూడు! వెనకటికైతే ఇల్లు పీకి పందిరేసేవాడు. మీ పెదనాన్న వచ్చి ఎప్పట్లాగే "ఒరే ఇనప్పెట్టే, ఎవరైనా తాళం తీశారా నీకు?" అని ఏడిపిస్తే వెనకటికి నాలుగు తిరిగి అనేవాడా, ఇప్పుడు ఊరికే చూస్తూ కూర్చున్నాడు. "గంభీరం వచ్చిందిరా నీ కొడుక్కి" అన్నారు మీ పెదనాన్న. నాకు కాళ్ళు నేల మీద ఆన్లేదు.

పని శ్రద్ధ చెప్పనే అక్కర్లేదు. ఎక్కడ గడియ చిటుక్కుమన్నా ఉలిక్కిపడి లేస్తాడు. నా చెవులు పోతే పోయాయి గానీ వాడివి పాముచెవులయ్యాయి. ఇంట్లో ఏ తలుపూ మూసుకోకుండా అన్నిటికీ చెక్కముక్కలు దోపాడు, స్నానాల గదితో సహా. సిగ్గు లేదా అంటే ఇంకో చెక్కముక్క దోపాడు. సరే, భయం పోవాలంటే భయం పక్కనే కూర్చోవాలని మా గురువుగారు అనేవారు. అందుకని కొట్టులో ఉన్న చిన్న ఇనప్పెట్టె తలుపు వాడి చేతే మూయించి తీయిస్తున్నాను, రోజుకి యాభైసార్లు. చెమటలు కారిపోతాయి, చొక్కా పిండుకోవచ్చు. అయినా నోరెత్తకుండా చేస్తాడు. బంగారం!

నువ్వు అడిగావు కాబట్టి చెప్పేస్తున్నా. దాచుకుని దాచుకుని ఉబ్బిపోతున్నాను.

ఇంటివాళ్ళ తాళంచెవి దొంగ చేతిలో పడితే, కొత్త తాళం బిగించేలోగా మేమేం చేస్తాం? పళ్ళు కొయ్యని ఉత్త చెవి ఒకటి రంధ్రంలో దోపి తల విరిచేస్తాం. లోపలికెళ్తుంది, తిరగదు, బయటికి రాదు. మూగచెవి. ఇక దొంగచెవి దూరేదెక్కడ? ఆ చలికాలం నువ్వే, మీ పిన్ని లావు తగ్గడానికి వేసుకున్న మాత్రల డబ్బా పైకెత్తి, "నాన్నా, ఇది సరిగ్గా మీ మూగచెవే! ఆ తాళంలోనే దూరి కూర్చుంటుంది" అన్నావు. మర్చిపోయావా? నేను మర్చిపోలేదు! పిన్ని రెండు నెలలు వేసుకుని ఊరికే ఏడుపొస్తోందని ఆపేసింది. ఆవిడకి ఏడుపు కొత్తా? డబ్బాలు ఐదు మిగిలాయి. పొద్దున్నే ఒకటి నూరి వాడి పాలల్లో కలుపుతున్నాను. వాడికి తెలియదు. చేదుగా ఉన్నాయంటే గిన్నె మాడిందన్నాను.

నీ చదువు నా పనితనం కలిస్తే ఇట్లా ఉంటుంది! నీ పేరు పత్రికల్లో వెయ్యాలి.

నాన్న

*

ప్రయోగశాల
జూన్ 26

నాన్నా,

చదవడం ఇక్కడ ఆపు. లేచి వెళ్ళి ఆ డబ్బాలన్నీ పారేసి రా. పారేశాకే కింద చదువు.

ఆ మాత్రలు లావు తగ్గిస్తాయి, నిజమే. తిండి మీద ఇష్టం ఒక్కటే తీసెయ్యడం వాటికి రాదు, ఇష్టమనేదాన్నే తీసేస్తాయి. వేసుకున్నవాళ్ళలో కొందరు బతుకు మీద విరక్తి పుట్టి ప్రాణాల మీదికి తెచ్చుకున్నారనే అమ్మడం ఆపేశారు. ఇవాళ పిన్నికి ఫోను చేశాను. ఆ రెండు నెలలు వంటింట్లో ఒంటరిగా ఉండాలంటే తన చేతులంటే తనకే భయమేసేదట. ఎవరికీ చెప్పుకోలేదట. నువ్వు ఏడుపు కొత్తా అన్నావు.

నీకు అర్థమయ్యేట్టు చెప్పాలని తాళం అన్నాను, అదే నా తప్పు. ఇంకోలా చెబుతాను. మెదడులో కబుర్లన్నీ పంపే కణం నుంచి అందుకునే కణానికి వెళ్తాయి. ఇది ఒక్కటే వెనక్కి వెళ్తుంది. అందుకున్న కణం, పంపినదానికి "అందింది, ఇక చాలు" అని తిరుగు జవాబు రాస్తుంది. ఆ జవాబు వెళ్ళి పడే చోటు ఇది. నువ్వు దాన్ని మూసేశావు. వాడి మెదడులో ఇప్పుడు ఏదీ "చాలు" అనదు.

నా పని ఏంటో ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. గంట మోగించి ఎలుక కాళ్ళ కింద చిన్న షాక్ ఇస్తాం. ఆ తర్వాత గంట ఒక్కటే, షాక్ ఉండదు. మామూలు ఎలుక మొదట్లో బిగుసుకుపోతుంది. నాలుగో రోజుకి గంట మోగుతుంటే మీసాలు దువ్వుకుంటుంది. ఆ తాళం లేని ఎలుక అలా కాదు. వందసార్లు మోగించు, వందోసారీ దానికి మొదటిసారే. మీ గురువుగారు చెప్పింది మామూలు ఎలుకకి సరిపోతుంది నాన్నా. వాడు ఆ తలుపు రోజుకి యాభైసార్లు మూస్తున్నాడంటే, రోజుకి యాభైసార్లు ఆ స్ట్రాంగురూములో పడుతున్నాడు.

ఎలుకకి ఆ పని చెయ్యాలన్నా నేను అనుమతి తీసుకోవాలి. ఎన్ని రోజులకి ఆపేస్తానో ముందే రాసివ్వాలి. నువ్వెవర్ని అడిగావు?

ఇవాళే ఆపు. వాడికి చెప్పు.

*

కొట్టులోంచి
జూలై 3

అమ్మాయికి,

ఉత్తరం అందింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను గానీ, ఎలుకను పట్టుకుని కన్నతండ్రిని తవ్వడం ఇప్పుడే చూస్తున్నాను.

నువ్వు పుస్తకాలు చదివావు. నేను ఎనిమిదో తరగతి. ఒప్పుకున్నాను. కానీ వాడు గంజాయి మత్తులో కాలవ పక్కన పడుంటే భుజాన వేసుకొచ్చింది నీ ఎలుకలా, నేనా? "తాళాలాయన కొడుకు" అని వేలెత్తి చూపిస్తుంటే తలొంచుకుని నడిచిందెవరు? నువ్వు మూడో అంతస్తులో కూర్చుని "చాలు" అనే మాట గురించి చదువుకుంటున్నావు. నాకు ఆ మాట అనడానికి ఒక్క రోజు దొరికిందా? నలభై ఐదు రోజులు! చేతికి అందినదాన్ని కింద పడెయ్యమంటావు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? వాడు పాలు తాగుతున్నాడు, వాడు బాగున్నాడు.

విరక్తి అట! సరే, ఇవాళ్టినుంచి నేనూ తాగుతున్నాను. రెండు గ్లాసులు, రెండు మాత్రలు, ఒకటి వాడికి ఒకటి నాకు. నెల రోజులు, ఒట్టు. మీ అమ్మ పోయిన ఏడు కూడా నన్ను నవ్వకుండా ఎవరూ ఆపలేకపోయారు. ఇంత బిళ్ళ ఆపుతుందా? ఆపితే అప్పుడు రాయి నీ పాఠాలు. ఆపకపోతే నువ్వొచ్చి నాకు క్షమాపణ చెప్పాలి, టైలరు ఎదురుగా.

ఇవాళ్టి పాలు బాగానే ఉన్నాయి. కొంచెం చేదు. మీగడ వేసుకున్నాను.

నాన్న

*

మన వంటింటి బల్ల దగ్గర
జూలై 10

నాన్నా,

నువ్వు కొట్టుకెళ్ళాక వచ్చాను. నువ్వు తిరిగొచ్చేసరికి మేం బస్సులో ఉంటాం. వాణ్ణి తీసుకెళ్తున్నాను.

వాడు నన్ను చూసి నవ్వలేదు. గుమ్మంలో నిలబడి తలుపు రెక్కని కాలితో ఆపి పట్టుకున్నాడు. నేను లోపలికొచ్చాక కూడా కాలు తియ్యలేదు. వాడు పెళ్ళికొడుకులా సన్నబడలేదు నాన్నా, మెడ ఎముకలు బయటికొచ్చాయి. ఆకలి లేదా అంటే, "ఆకలి సంగతి గుర్తుండట్లేదక్కా" అన్నాడు. వాడికి గుర్తుండేది ఒక్కటే. చీకట్లో ఆ గడియారం ఎలా టిక్కుటిక్కుమందో బల్ల మీద వేలితో కొట్టి వినిపించాడు. ఆపరా అంటే, "ఎలా ఆపుతారక్కా?" అని నన్నే అడిగాడు.

మాత్రల సంగతి చెప్పాను. వాడికి తెలుసట. మొదటి వారంలోనే నువ్వు నూరుతుంటే చూశాడట. మరెందుకు తాగావురా అంటే, "నాన్న అంత సంతోషంగా ఉండటం ఎప్పుడూ చూడలేదక్కా. గోడ మీద గీతలు గీసుకుంటున్నాడు" అన్నాడు.

గ్లాసులు రెండూ కడిగేశాను. మిగిలిన డబ్బాలు ఎక్కడ దాచావో దొరకలేదు. ఒట్టు గట్టుమీద పెట్టి అవి మానెయ్.

*

ఇల్లు
ఆగస్టు 2

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. అప్పుడే రాయాల్సింది. కలం కనపడుతూనే ఉంది. తియ్యలేదు.

మాత్రలు వేసుకుంటున్నాను. నెల అన్నాను కదా. ఇవాళ్టికి ముప్పై ఒకటి. రేపు కూడా వేసుకుంటానేమో. మానడానికి కూడా ఓపిక కావాలి.

టైలరు ఒక జోకు చెప్పాడు. అది జోకని తెలిసింది. వాడు నా మొహం చూసి మళ్ళీ చెప్పాడు. అప్పుడూ తెలిసింది.

గోడ మీద గీతలు తుడిచేశాను.

తినడం బాగానే ఉంది. ఏం తిన్నానో అడగొద్దు. నమలడం ఒక పని. ఆకురాయి పట్టడం ఒక పని. అన్నీ ఒకేలా ఉన్నాయి.

ఒకటి అడగాలి. నాకు తలుపు తడుతున్నట్టు ఉంటోంది. వినపడటం కాదు, చేతికి. ఏ తలుపు మీద చెయ్యి పెట్టినా లోపల ఎవరో తడుతున్నారు. కొట్టు తలుపు. అల్మరా. మొన్న అగ్గిపెట్టె. జేబులో చేతులు పెట్టుకుని తిరుగుతున్నాను. పని చెయ్యలేకపోతున్నాను. ఇది ఎన్నాళ్ళకి తగ్గుతుందో నీ పుస్తకాల్లో ఉంటే రాయి.

వాడు ఎలా ఉన్నాడు?

నాన్న

*

నా గది
ఆగస్టు 9

నాన్నా,

మాత్రలు ఇవాళే ఆపెయ్. నీ పక్కన ఎవరూ లేరు, రాత్రిళ్ళు టైలర్ని వచ్చి పడుకోమను, అడిగాను, వస్తానన్నాడు. డాక్టరు దగ్గరికి పిన్ని తీసుకెళ్తుంది. మందు ఒంట్లోంచి పోవడానికి కొన్ని వారాలు పడుతుంది. తర్వాత ఆ తట్టుడు మెల్లమెల్లగా పల్చబడుతుంది. మెదడు మళ్ళీ "చాలు" అనడం మొదలుపెడుతుంది.

వాడు మొన్న మూడో ముద్ద తర్వాత ఆగి, గిన్నె వైపు చూసి, "ఇంకొంచెం ఉందా అక్కా?" అన్నాడు. నేను గరిటె కింద పడేసుకున్నాను. వారానికి రెండుసార్లు ఒక డాక్టరమ్మ దగ్గరికెళ్తున్నాడు. ఆవిడ వాడి చేత తలుపు మూయిస్తుంది, వెళ్ళినప్పుడు ఒక్కసారి, వాడు సరేనంటేనే. నిన్న మూసి, తనే తీసి, కొంచెం ఈల వేశాడు.

నువ్వు వస్తానంటావని ముందే రాస్తున్నాను. రాకు. వాడు మరిచిపోవాల్సినవి కొన్నున్నాయి. ఆ తలుపు, గడియారం చప్పుడు, గడియ పడటం, నువ్వు. నీ దగ్గు విన్నా వాడి కాలు తలుపు కిందికి వెళ్తుంది. ఇది కోపంతో రాయట్లేదు. కోపంతో రాసినవి మూడు చింపేశాను, ఇది నాలుగోది.

ఒక సంగతి మాత్రం నాకు తెగట్లేదు. ఆ మందు కొత్త భయాల్ని పుట్టించదు నాన్నా, ఉన్నవాటిని పోనివ్వదు. ఆ రోజు నీకు చెవుడు కాబట్టి ఏమీ తెలియలేదన్నావు. అందరం నమ్మాం. మరి నీ చేతికి గుర్తున్నది ఎవరి తట్టుడు?

*

కొట్టులోంచి
సెప్టెంబరు 9

చిట్టితల్లీ,

ఇంకొంచెం ఉందా అన్నాడా! ఈల వేశాడా! నెల్లాళ్ళనుంచి రోజూ ఆ ముక్క చదువుకుంటున్నాను. మొదట్లో అక్షరాలే కనపడ్డాయి. నాలుగు రోజుల కిందట చదువుతుంటే ఉన్నట్టుండి ఒళ్ళు పులకరించింది. లేచి వెళ్ళి టైలర్ని కావలించుకున్నాను. ఆగస్టులో చెప్పిన జోకుకి వాడి దగ్గర ఇప్పుడు నవ్వాను. "లైను కలవడానికి నెల పట్టిందా నీకు?" అన్నాడు.

మాత్రలు ఆపి ఇరవై ఆరు రోజులు. నువ్వు చెప్పినట్టే తట్టుడు పల్చబడుతోంది. మొదట చెక్క తలుపుల్లోంచి పోయింది. ఇప్పుడు ఇనుము మీద చెయ్యి పెడితేనే ఉంది, అదీ పొద్దున్నపూట. ఇంకో పది రోజుల్లో అదీ పోతుంది. అందుకే ఇవాళే రాస్తున్నాను. పోయాక రాయను. నా సంగతి నాకు తెలుసు, నా మెదడుకి "చాలు" అనడం అందరికన్నా బాగా వచ్చు. ఏడాది పాటు హాయిగా నవ్వుతూ తిరిగానుగా.

స్ట్రాంగురూము మూసేముందు లోపలికి తలపెట్టి పేరు పెట్టి పిలవాలి. మా పనిలో మొదటి పాఠం. వాడికి నేర్పింది నేనే. ఆ రోజు నేను పిలవలేదు. మధ్యాహ్నం రెండింటికి గడియారానికి చుట్టు తిప్పి, రెక్క మూసి, చక్రం బిగించాను. చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది. చెవిటివాడికి చేతులే చెవులమ్మా. మూడుసార్లు తట్టారు. ఆగి, మళ్ళీ మూడు. ఎవరా అని అనుమానం కూడా లేదు. నాకు వినపడదని, కొట్టులో నన్ను పిలవాలంటే వాడు బల్ల మీద అలాగే తడతాడు.

దేవుడొచ్చినా తెరుచుకోదన్నాను. అబద్ధం. ఆ తలుపు బిగించింది నేనే. చక్రానికి నాలుగు వేళ్ళ కింద బెజ్జం వేస్తే గంటన్నరలో వస్తుంది. కాకపోతే తలుపు పనికిరాకుండా పోతుంది, కన్నకొడుకుని లోపల పెట్టి మూసుకున్నాడని ఊరంతా తెలుస్తుంది. నలభై రెండేళ్ళ పేరు. గాలి ఆడుతుంది కదా, పొద్దున అదే తెరుచుకుంటుంది కదా అనుకున్నాను. చెయ్యి తీసేశాను. "కుర్రాడేడీ?" అని కొట్టు యజమాని అడిగితే ముందే వెళ్ళిపోయాడన్నాను. ఇంటికొచ్చి భోంచేశాను.

మర్నాడు తలుపు తెరుచుకున్నప్పుడు అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది నేను. "ఎందుకు నిద్రపోయావురా?" అని అందరి ముందూ చెంప మీద కొట్టాను. "నిద్రపోలేదు నాన్నా, తట్టాను" అన్నాడు. "నిద్రపోయావు" అన్నాను. రెండు మూడుసార్లు అన్నాను. వారం తిరిగేసరికి వాడూ అందరితో నిద్రపోయాననే చెప్పడం మొదలుపెట్టాడు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. నా నోటితో చెబుదామని మొన్న పిన్ని ఇంటికెళ్ళాను. నోరు తెరిస్తే వేరే కబుర్లొచ్చాయి. ఆవిణ్ణి కడుపుబ్బ నవ్వించి తిరిగొచ్చాను. నావల్ల కాదు. నువ్వే ఈ ఉత్తరం చదివి వినిపించు. ఎవరెవరికి వినిపించాలో కింద రాస్తున్నాను, ఒక్కర్నీ వదలకు.

మీ పిన్నికి. ఆ సాయంత్రం వాడి కోసం ఎత్తిపెట్టిన భోజనం తెచ్చింది. సినిమాకెళ్ళాడని చెప్పి అది కూడా నేనే తినేశాను.

మీ పెదనాన్నకి. ఇనప్పెట్టె అనే పేరు ఇక నన్ను పెట్టి పిలవమను.

మీ అత్తయ్యకి. "వాడు చెడిపోయాడు, పిల్లలున్న ఇంటికి రానివ్వకండి" అని ఆవిడకి చెప్పింది నేను.

మీ మామయ్యకి. ఆయనకీ నాలాగే చెవుడు. గట్టిగా చదువు. ఏంటీ అంటే మళ్ళీ మొదట్నుంచి చదువు.

పిన్ని కొడుక్కి. పొగ అలవాటు చేశావని వాణ్ణి నడివీధిలో కొట్టాను. ఆ నెలల్లో మీ తమ్ముడి పక్కన కూర్చున్నది వాడొక్కడే.

తర్వాత మీ తమ్ముడికి. అందరికన్నా ముందు రాయాల్సిన పేరు, చెయ్యి రాలేదు. ఎప్పుడు చెప్పాలో ఆ డాక్టరమ్మని అడుగు. ఈ ఏడు కాకపోతే పై ఏడు. చెప్పడం మాత్రం మానకు. నిద్రపోలేదని చెప్పు. వాడు తట్టింది నాకు అందిందని చెప్పు.